మూడు కాళ్ళ కుందేలు

బ్యాలరాట్‌లో జూలై ఆదివారం.
ఏడైనా వెలుతురు ఇంకా
సగం ఎత్తిన షట్టరులాగే ఉంది.
సంత మైదానంలో గడ్డి మీది మంచు
బూట్ల కింద అప్పడాల్లా విరుగుతోంది.

లెస్ అనే ముసలాయన కారు డిక్కీ తెరిచి
టార్పాలిన్ మీద కాళ్ళు పరిచాడు,
అన్నీ మూడేసి.
ఒకదానికి మోకాలి చిప్ప లేదు.
ఒకదాని పాదానికి రబ్బరు తొడుగు బదులు
సగం కోసిన టెన్నిస్ బంతి.
ఇంకొకటి బరువైనది, ఆకుపచ్చ రంగు ఇనుము,
తల ఉండాల్సిన చోట
నాకు పేరు తెలియనిదేదో:
ఇత్తడి మెడ, దాని మీద రెండు కొమ్ముల పంగ,
పంగలో అరిగిన తోలు.
రబ్బరు కట్టని ఉండేలు.

తిప్పి ఊడదీస్తే కింద మర.
నా కెమెరా అడుగున రంధ్రం పావంగుళం,
ఇది లావు.
లెక్కల మేష్టారు బెత్తంతో నేర్పిన ఎక్కం
ఇన్నాళ్ళకి నోట్లోకొచ్చింది:
పావంటే నాలుగు వీసాలు, ఇది ఆరు.
రెండు వీసాల తేడా.
ఆ మాటకి వేరే అర్థం ఉన్న ఆఫీసుల్లోనూ
అంతే తేడాతో ఆగిపోయిన రోజులున్నాయి నాకు.

"ఇదేమిటి?" అంటే భుజాలెగరేశాడు.
"దాంతోపాటే వచ్చింది."
పదిహేనన్నాడు, పదిచ్చాను.
చలికి బేరం తొందరగా తెగింది.

"ఇప్పటికే రెండున్నాయిగా," అన్నాడు శేషఫణి.
ఉన్నాయి.
ఒకదాని ప్లేటు ఆరు పలకలది, ఎక్కడా దొరకదు.
రెండోదానికి ప్లేటుంది, బిగించే మీట లేదు.
"తొమ్మిది కాళ్ళయ్యాయి.
ఉన్న ఒక్క కెమెరా ఎక్కడా నిలబడదు."
నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని
పెళ్ళికి ముందే ఎవరైనా
ఆయన చెవిన వేసి ఉండాల్సింది.

ఆ వారమంతా పంగ గురించే.
దుర్భిణి మెడకా?
బాకా ఊదేవాడు అలిసి ఆనించుకోడానికా?
రాత్రి డ్యూటీలో ఎక్స్‌రే పలక మీద
విరిగిన మణికట్లు సర్దుతూ
"కదలకండి, ఒక్క క్షణం కదలకండి" అంటూ ఉంటాను.
ఇంటికొచ్చినా అదే పిచ్చి.

హార్డ్‌వేర్ కొట్టులో మెరిడిత్
కాఫీ సీసాలోని మరలన్నీ బల్ల మీద గుమ్మరించి
వెతికి వెతికి ఒక ఇత్తడి బిళ్ళ తీసింది,
కింద ఆరు వీసాల గుంట, పైన నాలుగు వీసాల మొలక.
అప్పుడు చూసింది నా చేతిలో పంగని.
"మా నాన్న దగ్గరా ఉండేది.
తుపాకీ ఆనించడానికి.
రాత్రిపూట, లైటు వేసి, కుందేళ్ళకి."
ఉల్లిపాయల ధర చెప్పినట్టు చెప్పింది.
బిళ్ళకి డబ్బులు పుచ్చుకోలేదు.

తోలు ఒకే చోట అరిగింది,
గొట్టమంత వెడల్పున.
ఎవరో ఎన్నో రాత్రులు
అక్కడ ఊపిరి బిగబట్టారు.
క్లిక్కుకి ముందు నేనూ బిగబడతాను.
మన భాషలో ఫొటో తీస్తాం,
ప్రాణమూ తీస్తాం,
క్రియ ఒక్కటే.
ఇది శేషఫణితో అనలేదు.

పంగ తీసేసి బిళ్ళ బిగించాలి నిజానికి.
బిగించలేదు. ఎందుకో చెప్పలేను.
పాత సాక్సులో అరకిలో కందిపప్పు పోసి
మూతి ముడేసి పంగలో కూర్చోబెట్టి
దాని మీద లెన్సు ఆనించాను,
తెల్లవారుజామున, ఊరి చివర,
గొర్రెల కంచె పక్కన.
వేళ్ళు నావి కాకుండా పోయిన చాలాసేపటికి
వచ్చింది.
ముందు చెవులు, తర్వాత తక్కినది.
నన్ను చూసింది, పంగని చూసింది,
గుర్తుపట్టిందనుకోవడం నా పొగరు.
క్లిక్.
సాక్సు ముడి ఊడి
పప్పు జలజలా బూట్ల మీద రాలింది.
మళ్ళీ తలెత్తేసరికి
గడ్డి ఊగుతోంది, అంతే.

బొమ్మ మసక. వెలుతురు చాలలేదు.
శేషఫణి కళ్ళజోడు నుదుటికి తోసి
తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు.
"నాలుగోది గడ్డిలో ఉండుంటుంది," అన్నాడు.
లేదన్నాను.
మూడే.